గీత లేవని దగ్గు

జ్యేష్ఠ అమావాస్య

ఈ రోజు పెద్ద పోటు. లంకల నుంచి పడవలు వచ్చాయి. సముద్రపు పోటు పాత ఆనకట్ట అంచు దాకా ఎక్కితే తప్ప పడవలు లాకులోకి రాలేవు. అందుకే అవి అమావాస్యకూ పున్నమికీ వస్తాయి. మా మెరక మీద అన్నీ తిథులతోనే నడుస్తాయి. అమ్మ చిన్నప్పుడు గోడకు వేరే క్యాలెండర్ ఉండేదట. సముద్రం ఇంత దగ్గరికి వచ్చాక దానితో ఎవరికీ పని లేకపోయింది.

పని ఎప్పటిలాగే జరిగింది. లాకు బయటి తలుపు మూశాక పడవలు రెండు తలుపుల మధ్య నీళ్ళలో నిలబడతాయి. నేను ఇనుప మెట్లు దిగి, పడవ పడవకూ వెళ్ళి, ఒక్కొక్కరి గొంతులో పుల్ల తిప్పి తడి తీసుకుంటాను. పైన ల్యాబ్‌లో యోహాను అన్నయ్య వాటిని పీసీఆర్ యంత్రంలోకి ఎక్కిస్తాడు. యంత్రం వేడిచేసి చల్లారుస్తుంది, మళ్ళీ వేడిచేసి చల్లారుస్తుంది. ఆ తడిలో నురగ జబ్బు వైరస్ ఉంటే దాని జన్యు రాతలోని ఒక ముక్క ప్రతి చుట్టుకూ రెండింతలవుతుంది. అలా పెరిగి పెరిగి తెర మీద గీత పైకి లేస్తుంది. గీత లేవనివాళ్ళకు లోపలి తలుపు తీస్తాం. లేచినవాళ్ళను రెండో గట్టు మీది వార్డుకు పంపుతాం. వార్డుకు వెళ్ళినవాళ్ళలో సగం మంది తిరిగి వస్తారు.

ఒకామె, "మా ఆయనది లేచిందాండీ?" అని అడిగింది. లేచిందని చెప్పాను. ఆమెది లేవలేదు. కొంగున కట్టుకున్న అటుకుల మూట విప్పి ఆయన చేతిలో పెట్టి, మెట్లెక్కి వెళ్ళిపోయింది. నేను తర్వాతి పడవలోకి దిగాను.

ల్యాబ్ ఎవరి బాధ్యతో వాళ్ళు ఈ దినచర్య రాయాలని లాకుల ల్యాబ్‌లన్నింటినీ చూసే కేంద్రం నియమం. రాస్తున్నాను.

ఆషాఢ శుద్ధ షష్ఠి

ఎంజైమ్ కుండలు దించాం. రాతను రెండింతలు చేసే పని ఈ ఎంజైమ్‌ది. ఒకప్పుడు కేంద్రం నుంచి మంచుపెట్టెల్లో ఓడ మీద వచ్చేది. పెద్ద ఓడలు ఆగిపోయాక యోహాను అన్నయ్య ఇక్కడే తయారుచేయడం నేర్చుకున్నాడు. బ్యాక్టీరియాను పప్పుకట్టులో పెంచి, పగలగొట్టి, వేడి మీద పెట్టి, వడగడతాడు.

"ఇదీ వంటే తాయారూ," అన్నాడు.

"వంట గురించి నువ్వు చెప్పకయ్యా," అంది మార్తమ్మ వదిన గుమ్మంలోంచి. ఆమె ఆయన భార్య. లాకు పక్క వంటశాలలో పడవలవాళ్ళకు గంజి కాస్తుంది. మా ఇద్దరికీ చెరో గిన్నె తెచ్చింది. ఆయన గిన్నెలో ఉప్పు చూసి ఇచ్చింది, నా గిన్నెలో చూడలేదు.

సాయంత్రం రేడియోలో కేంద్రం నుంచి చంద్రకళ మాట్లాడింది. మా పరీక్షలో వాడే ప్రైమర్లు ఆమె గీసి పంపినవే. ప్రైమర్ అంటే వైరస్ రాతలో ఒక చోటికి సరిగ్గా అతుక్కునే చిన్న పోగు. అది అతుక్కుంటేనే ఎంజైమ్ అక్కడి నుంచి పని మొదలుపెడుతుంది. అతుక్కోకపోతే వైరస్ ఉన్నా గీత లేవదు.

"ఇప్పటిదాకా మా దగ్గరికి వచ్చిన నురగ రాతలన్నింటితోనూ మీ ప్రైమర్లను మళ్ళీ సరిపోల్చి చూశామండీ. నూటికి తొంభై తొమ్మిది పట్టుకుంటాయని యంత్రం అంచనా," అంది.

"మంచిదండీ," అన్నాను.

అంచనా కాగితం మీది మాట. మా దగ్గర చూసుకోవడానికి కేంద్రం పంపిన తెల్ల పొట్లం ఉంది. అందులో ఉండేది జబ్బు తేలేని, మనుషులు చేసిన వైరస్ రాత ముక్క. ప్రతిసారీ దాన్ని శుభ్రమైన నీళ్ళలో కలిపి యంత్రంలో ఒక గుంటలో పెడతాం. ఆ గుంటలో గీత లేస్తే పరీక్ష పనిచేస్తున్నట్టు. ఇప్పటిదాకా లేవని రోజు లేదు.

ఆషాఢ పౌర్ణమి

పడవలు వచ్చాయి. ఎండ లేక బ్యాటరీలు సగమే నిండాయి. యంత్రాన్ని మధ్యలో ఆపకుండా ఉండడానికి వంటశాల దీపాలు తీసేశాం.

మార్తమ్మ వదిన దగ్గుతోంది. నిన్న పరీక్ష చేశాం. గీత లేవలేదు. ఈ రోజూ చేశాం, లేవలేదు. యోహాను అన్నయ్య కొత్త ఎంజైమ్ కుండ తెరిచి మళ్ళీ చేశాడు. లేవలేదు. తెల్ల పొట్లం గుంటలో మాత్రం మూడుసార్లూ లేచింది.

"జలుబే అయ్యుంటుందిలే," అంది ఆమె. "పొయ్యి దగ్గర చెమట, బయటికొస్తే వాన."

గీత లేవనివాళ్ళను వార్డులో చేర్చుకోరు. అక్కడ ఆక్సిజన్ తక్కువ, మందు ఇంకా తక్కువ. నియమం సరైనదే. ఇంటికి వెళ్ళి పడుకోమన్నాను.

ఆషాఢ బహుళ సప్తమి

మార్తమ్మ వదిన పోయింది.

నేను వెళ్ళేసరికి యోహాను అన్నయ్య ఆమె మూతి తుడుస్తున్నాడు. గుడ్డకు నురగ ఉంది. సబ్బు నురగ లాంటిది, కొంచెం గులాబీ రంగు. వార్డులో చాలాసార్లు చూశాను. ఆయన గుడ్డ మడిచి మళ్ళీ తుడిచాడు.

మరణం నమోదుచేసేటప్పుడు కారణం రాయాలి. పరీక్ష నురగ కాదని చెప్పింది కాబట్టి ఛాతీ జలుబు అని రాశాను. ఎగువ దిబ్బ మీద పూడ్చారు. పాస్టర్ గారు వానలో పాట త్వరగా ముగించారు. నేను ల్యాబ్‌కు వచ్చి టిప్పులు కడిగాను. తడిని కొలిచి పోసే ప్లాస్టిక్ టిప్పులు కొత్తవి రావు. ఉడకబెట్టి, ఆరబెట్టి, మళ్ళీ వాడతాం.

శ్రావణ శుద్ధ విదియ

యోహాను అన్నయ్య పనిలోకి వచ్చాడు. తర్వాత కుండ కడుగుతూ, "తాయారూ, మార్తది నురగే," అన్నాడు.

"మూడుసార్లు చూశాం కదా అన్నయ్యా. గీత లేవలేదు."

"గీత లేవలేదు. నురగ మాత్రం వచ్చింది. నా చేతుల్తో తుడిచేను."

మెరక మీద ఇంకా దగ్గులున్నాయని ఆయన చెప్పాడు. చేనేత వీధిలో రెండిళ్ళు, పశువుల పాక దగ్గర ఒకటి. ఎవరికీ గీత లేవలేదు.

పరీక్షను కొలిచి చూద్దామనుకున్నాం. జబ్బు ఉందని గట్టిగా తెలిసినవాళ్ళ తడి తెచ్చి, ఎంతమందికి గీత లేస్తుందో చూడాలి. పద్ధతి అదే. వార్డు నర్సు సుగుణ అందరి గొంతుల నుంచీ తడి తీసి పంపింది. అందరికీ లేచింది. ఒక్కటీ తప్పలేదు.

ఆ ఫలితం చూసి నాకు నెమ్మది కలిగింది. టిప్పులు ఆరబెడుతుండగా అది పోయింది. వార్డులో ఉన్నవాళ్ళంతా ఈ పరీక్ష పట్టుకున్నవాళ్ళే. అది పట్టుకోనివాళ్ళు వార్డులో ఉండరు. వాళ్ళతో దీన్ని కొలిస్తే ఎప్పుడు కొలిచినా నూటికి నూరు వస్తుంది. అది ఎంతమందిని వదిలేస్తోందో తెలియాలంటే, ఇది కాకుండా వేరే దేనివల్లనో జబ్బు ఉందని తెలిసిన మనిషి కావాలి. అలాంటి మనిషి మాకు లేరు. ఉన్నామెను ఎగువ దిబ్బ మీద పూడ్చాం. మంచుగుంటలో దాచేది పడవలవాళ్ళ తడి సీసాలనే, ఆమె తడిని ఎవరూ దాచలేదు.

ఈ మాట యోహాను అన్నయ్యతో అన్నాను. "అవును," అన్నాడు.

శ్రావణ పౌర్ణమి

పడవలు ఎక్కువగా వచ్చాయి. కింది లంకల్లో మంచినీటి బావులు ఉప్పెక్కాయట.

సభ పెద్ద బుల్లెమ్మ గారి దగ్గరికి వెళ్ళాను. ఆమె లాకు తాళాలు తన నడుముకే కట్టుకుంటుంది. నేను చెప్పినదంతా విని, "ఎంతమందిని వదిలేస్తోంది మీ పరీక్ష?" అని అడిగింది.

"తెలీదండీ."

"పదిమందిలో ఒకర్నా? ఇద్దర్లో ఒకర్నా?"

"కొలవడానికి దారి దొరకలేదండీ."

ఆమె నడుముకున్న తాళాలు సర్దుకుంది. "ఇప్పుడు నేను సభలో ఈ మాట చెప్తే లాకు మూసెయ్యమంటారమ్మా. మూస్తే ఆ పడవలోళ్ళు ఎక్కడికి పోతారు? భాద్రపదం దాటితే వాయుగుండాలు మొదలవుతాయి. లంకల మీద ఒక్క గోడ నిలవదు. చెప్పకపోతే మన పిల్లలు చచ్చిపోతారు. రెంటిలో ఏది చెయ్యాలన్నా నాకు లెక్క కావాలి. ఎంతో కొంత లెక్క పట్రా."

చేనేత వీధిలో ఒక పాప పోయింది. ఛాతీ జలుబు అని రాయలేదు. కారణం దగ్గర ఖాళీ వదిలేశాను.

శ్రావణ బహుళ తదియ

యోహాను అన్నయ్య ల్యాబ్ లోపలికి రాలేదు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"నాకొచ్చింది," అన్నాడు.

గొంతు తడి తీశాను. గీత లేవలేదు. ఆ సంగతి చెబితే తల ఊపాడు.

"నీకు కావల్సింది ఇదే కదమ్మా. పరీక్షతో పని లేకుండా జబ్బుందని తెలిసిన మనిషి. మార్తని దగ్గరుండి చూసుకున్నాను. అదే దగ్గు, అదే నొప్పి, ఇదిగో ఈ పక్కటెముక కింద. నన్ను కొలువు."

అలాగే అన్నాను.

ఆయన లాకు పక్కన ఉన్న పాత గేటు గదిలోకి మారాడు. చాప, నీళ్ళ కూజా, మార్తమ్మ వదిన వాడిన దుప్పటి తెచ్చుకున్నాడు. రోజూ పొద్దున్నే కిటికీలోంచి గొంతు తడి, ఉమ్మి ఇస్తానన్నాడు. ఎంజైమ్ కుండలు ఎలా చూసుకోవాలో కిటికీలోంచే నాకు చెప్పాడు.

శ్రావణ బహుళ షష్ఠి

ముందు ఉమ్మిని అనుమానించాను. ఉప్పునీళ్ళ మీద బతికేవాళ్ళ ఉమ్మి చిక్కగా ఉంటుంది. అది ఎంజైమ్‌ను పని చేయనీయకపోవచ్చు. తెల్ల పొట్లంలోని ముక్కను ఆయన ఉమ్మిలో కలిపి యంత్రంలో పెట్టాను. గీత బాగానే లేచింది. అంటే ఉమ్మి తప్పు కాదు. పొట్లంలోని ముక్కను పట్టుకున్న పరీక్ష ఆయన ఒంట్లో ఉన్నదాన్ని పట్టుకోవడం లేదు.

బీరువా అడుగున ఇంకో ప్రైమర్ జత ఉంది. వైరస్ రాతలో వేరే చోట అతుక్కునేది. వైరస్ కొంచెమే ఉంటే అది పట్టలేదని ఎప్పుడో పక్కన పెట్టేశారు. దానితో ఆయన తడిని పెట్టాను. ముప్పై ఆరో చుట్టులో గీత లేచింది.

నేను కుర్చీలో కూర్చుని ఆ గీతను చూశాను. మార్తమ్మ వదిన దగ్గినప్పుడు ఈ జత బీరువాలోనే ఉంది.

శ్రావణ బహుళ దశమి

చంద్రకళతో మాట్లాడాను. ఆమె అడ్డు చెప్పకుండా విని, కాగితాలు తిరగేసింది.

"పోయినేడు దక్షిణం లాకు నుంచి ఒక రాత వచ్చిందండీ. మీ ప్రైమర్ అతుక్కునే చోట ఒక్క అక్షరం మారింది. ఒక్క అక్షరమే. అంత చిన్న తేడాతో పరీక్ష దెబ్బ తినదని యంత్రం లెక్క వేసింది. అందుకే దాన్ని కూడా పట్టుకునేవాటిలోనే కలిపాం."

"ఆ అక్షరం ఎక్కడుందండీ? మొదట్లోనా, చివర్లోనా?"

"చివర్లో. సరిగ్గా చిట్టచివర."

ఎంజైమ్ పట్టుకుని పని మొదలుపెట్టేది ఆ చివరి నుంచే.

"అయినా ఇక్కడ మేం పెట్టి చూశామండీ," అంది ఆమె. "లేచింది. కొంచెం ఆలస్యంగా లేచింది, అంతే. మీరు వాడుతున్న ఎంజైమ్ ఏ బ్యాచ్‌లోది?"

"మీ నుంచి వచ్చి చాలా ఏళ్ళయింది. మేమే వండుకుంటున్నాం."

అవతల మళ్ళీ కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

"మేం లెక్క వేసింది మా ఎంజైమ్ మీదండీ," అంది. "మీ దానితో ఎలా ఉంటుందో మాకు తెలీదు. తెలీదని కూడా మాకు తోచలేదు."

ఎన్ని లాకుల్లో ఎంజైమ్ వండుకుంటున్నారో కనుక్కుంటానంది. కొత్త ప్రైమర్లు గీసి పంపుతానంది. తెల్ల పొట్లం కూడా పాత రాతనే చూసి చేసినదని, అందుకే అది ఎప్పుడూ లేస్తుందని అంది. అది నాకు అప్పటికే అర్థమైంది.

శ్రావణ అమావాస్య

పడవలు వచ్చాయి. అందరికీ రెండు జతలతోనూ చేశాను. బీరువాలోంచి తీసిన పాత జతకు మాత్రమే గీత లేచినవాళ్ళనూ వార్డుకు పంపాను. ఏ పరీక్షో సుగుణ అడగలేదు, మంచాలు వేసింది.

యోహాను అన్నయ్యను కూడా వార్డుకు వెళ్ళమన్నాను. ఇప్పుడు ఆయనకూ గీత లేచింది కాబట్టి చేర్చుకుంటారు.

"అక్కడ మందు పడుతుంది కదా," అన్నాడు కిటికీ అవతలి నుంచి. "మందు పడితే ఒంట్లో వైరస్ తగ్గిపోద్ది. అప్పుడు గీత ఏ రోజుకి ఎంతలో లేస్తుందో నీకెలా తెలుస్తుంది? సగం కొలత సభకేం పనికొస్తుంది?"

"సగం కొలత చాలు. వెళ్ళు అన్నయ్యా."

"ఈవేళ ఎంత?" అన్నాడు.

"ముప్పై ఒకటి."

"నిన్న?"

"ముప్పై మూడు."

వైరస్ ఎక్కువయ్యేకొద్దీ గీత ముందు చుట్టులోనే లేస్తుంది. అంకె తగ్గితే జబ్బు పెరిగినట్టు. ఆయనకు అది నాకంటే బాగా తెలుసు.

"బాగా దిగుతోంది," అని పుల్ల నోట్లో పెట్టుకోవడానికి ముందుకు వంగాడు.

రెండోసారి వెళ్ళమని అనలేదు. ఆ కొలత నాకు కావాలి.

భాద్రపద శుద్ధ తదియ

మంచుగుంటలో దాచిన పాత తడి సీసాలన్నీ తీసి పాత జతతో మళ్ళీ చేస్తున్నాను. జ్యేష్ఠం నుంచి గీత లేవలేదని లోపలికి పంపినవాళ్ళవి. కొన్నింటికి లేస్తోంది. పేరు చూసి ఇల్లు గుర్తుచేసుకుంటాను. కొందరు బాగానే ఉన్నారు. కొందరు లేరు.

పాత జత కూడా కొందరిని వదిలేస్తుంది. దగ్గు మొదలైన మొదటి రెండు రోజుల తడిని దానితో మళ్ళీ పెట్టి చూస్తే యోహాను అన్నయ్యకే లేవలేదు, మూడో రోజు తడికి గాని గీత లేవలేదు. అంటే నేను దీనితో లెక్కపెట్టిన సంఖ్య కూడా అసలుకంటే తక్కువే. ఎంత తక్కువో ఆయన రోజువారీ అంకెలను బట్టి అంచనా వేశాను. ఆయన ఒక్కడే. ఒక మనిషి ఒళ్ళు అందరి ఒళ్ళలా ఉండదు. అందుకని ఒక అంకె వేయలేదు. ఇంత నుంచి ఇంత దాకా అని వేశాను.

కిటికీ దగ్గర ఆయన నిలబడలేకపోతున్నాడు. ఈ రోజు ముసుగు కట్టుకుని నేనే లోపలికి వెళ్ళి తడి తీశాను. గంజి కాచి తీసుకెళ్ళాను. రెండు గుక్కలు తాగాడు.

"ఉప్పు ఎక్కువైంది," అన్నాడు.

భాద్రపద శుద్ధ పంచమి

సభ జరిగింది. మా పరీక్ష జబ్బున్న నలుగురిలో సుమారు ఒకరిని వదిలేస్తోందని చెప్పాను. ముగ్గురిలో ఒకరు కావచ్చు, ఆరుగురిలో ఒకరు కావచ్చు, అంతకన్నా గట్టిగా చెప్పలేనన్నాను.

గిడ్డంగి చూసే పల్లంరాజు గారు లేచారు. "ముగ్గురా ఆరుగురా అన్నదే తేలకపోతే దాన్ని లెక్కంటారా? తేలేదాకా లాకు ముయ్యండి."

"తేలదండీ," అన్నాను. "ఇంకో పదిమంది చచ్చిపోయేదాకా రోజూ కొలిస్తే కొంచెం తేలుద్ది. పూర్తిగా ఎప్పటికీ తేలదు."

"మరి ఈ మాత్రం ఎలా తెలిసింది?"

గేటు గదిలో ఉన్న మనిషి గురించి చెప్పాను. ఆయన ఎంజైమ్ వండేవాడని, మందు వద్దన్నాడని చెప్పాను. పల్లంరాజు గారు కూర్చున్నారు. ఆయన పిల్లల చదువు మార్తమ్మ వదిన చెల్లెలి ఇంట్లోనే జరిగిందని తర్వాత ఎవరో అన్నారు.

బుల్లెమ్మ గారు తాళాల గుత్తి ఒళ్ళో పెట్టుకుని నిర్ణయం చెప్పింది. లాకు మూయరు. వచ్చినవాళ్ళను నేరుగా మెరక మీదికి రానివ్వరు కూడా. మొదటి గట్టు మీద పాకలు వేస్తారు. వచ్చిన రోజు రెండు పరీక్షలు, వారం ఆగి మళ్ళీ రెండు. ఏ ఒక్క గీత లేచినా వార్డు. ఆ వారం తిండి ప్రతి ఇంటి నుంచీ ఇవ్వాలి.

"ఒక పరీక్ష వదిలేసినోళ్ళని రెండోది పడుతుంది. రెండూ వదిలేసినోళ్ళని ఆ వారం రోజులు పడతాయి. అప్పటికీ మిగిలిపోయినోళ్ళుంటే వాళ్ళకి నాది బాధ్యత," అంది.

చేతులెత్తినవాళ్ళు ఎక్కువమందే. అందరూ కాదు.

భాద్రపద శుద్ధ అష్టమి

పొద్దున యోహాను అన్నయ్య తడి తీశాను. పాత జతతో పద్దెనిమిదో చుట్టులోనే లేచింది. ఇంత ముందుగా ఎవరిదీ చూడలేదు.

అలవాటుగా అసలు పరీక్షలో కూడా పెట్టాను. ముప్పై ఎనిమిదో చుట్టులో, యంత్రం ఆగబోయే ముందు, ఆ గీత కూడా లేచింది. నియమం ప్రకారం ఆయనకు నురగ ఉన్నట్టు ఈ రోజు తేలింది.

వెళ్ళి చెప్పాను. ఆయనకు మాట రావడం కష్టంగా ఉంది.

"ఎంతలో?"

"ముప్పై ఎనిమిది."

"ఒక్క అక్షరానికి ఇరవై చుట్లు," అన్నాడు. దగ్గు ఆగేదాకా ఉండి, "రాసుకున్నావా?" అన్నాడు.

"రాసుకున్నాను."

ఉమ్మి గిన్నె చూపించాడు. నిండుగా ఉంది. పారబోయొద్దని చేత్తో చెప్పాడు. ఎందుకో నాకు తెలుసు. మా దగ్గర తెల్ల పొట్లం ఉంది గాని, పరీక్షను సరిచూసుకునేంత నిజమైన జబ్బు తడి ఏదీ లేదు. గిన్నె తీసుకున్నాను.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టాక ఆయన పోయాడు. నేను పక్కనే ఉన్నాను. మూతి తుడిచాను. గుడ్డ మడిచి మళ్ళీ తుడిచాను.

కారణం దగ్గర నురగ అని రాశాను. మార్తమ్మ వదినది తీసి, కొట్టేసి, అక్కడా నురగ అని రాశాను. చేనేత వీధి పాపదీ నింపాను.

భాద్రపద శుద్ధ దశమి

గిన్నెలోనిది వేడి మీద పెట్టి వైరస్‌ను చంపాను. జబ్బు పోతుంది, రాత మిగులుతుంది. దాన్ని పలచన చేసి చిన్న చిన్న గొట్టాల్లో పోశాను. ప్రతి గొట్టంలోనూ ఒకేలా ఉందో లేదో కొన్నింటిని తీసి చూశాను. ముప్పై, ముప్పై ఒకటి మధ్య లేస్తోంది. మంచుగుంటలో పెట్టాను. గొట్టాల మీద పేరు పెట్టాలి కాబట్టి యోహాను అని రాశాను.

ఎంజైమ్ కుండ ఒకటి పాడైంది. పప్పుకట్టు పలచనైంది. మళ్ళీ పెట్టాను.

భాద్రపద పౌర్ణమి

పడవలు వచ్చాయి. మొదటి గట్టు మీద పాకలు సిద్ధంగా ఉన్నాయి. జనం విసుక్కున్నారు, తిట్టారు, పడుకున్నారు. ఇంటింటి నుంచీ గిన్నెలు వచ్చాయి. పల్లంరాజు గారు బియ్యం తనే మోయించుకొచ్చారు.

భాద్రపద బహుళ సప్తమి

వారం తర్వాత చేసిన పరీక్షల్లో, మొదటి రోజు ఏ గీతా లేవనివాళ్ళలో ఇద్దరికి లేచింది. అప్పటికి వాళ్ళింకా గట్టు మీదే ఉన్నారు.

ఆశ్వయుజ బహుళ పంచమి

వాయుగుండం దాటింది. కింది లంకల్లో రెండు పూర్తిగా మునిగిపోయాయని చెప్పుకుంటున్నారు. అక్కడివాళ్ళు చాలామంది అప్పటికే మా గట్టు మీద, మెరక మీద ఉన్నారు. చాలామందే గాని అందరూ కాదు.

మెరక మీద కొత్త దగ్గులు తగ్గాయి. పరీక్ష వల్లనా, పాకల వల్లనా, జబ్బే తగ్గుముఖం పట్టిందా, విడదీసి చెప్పలేను. బుల్లెమ్మ గారు అడిగితే అదే చెప్పాను. "సరేలే," అంది.

కార్తీక శుద్ధ నవమి

చంద్రకళ గీసిన కొత్త ప్రైమర్లు చిన్న పడవ మీద లాకు బయటి దాకా వచ్చాయి. ఆమె రేడియోలో, "అంచనా ప్రకారం నూటికి తొంభై..." అని మొదలుపెట్టి ఆగింది. "అంచనా సంగతి తర్వాతండీ. మీ ఎంజైమ్‌తో, మీ గొట్టంతో పెట్టి చూసి మీరే చెప్పండి," అంది.

పెట్టి చూశాను. ఇరవై తొమ్మిదిలో లేచింది. అంకె చెప్పాను. ఆమె రాసుకుంది. తర్వాత, ఎంజైమ్ వండుకునే మిగతా లాకులకు కూడా గొట్టాలు పంపగలనా అని అడిగింది. తిరుగు పడవలో ఉప్పు కలిపిన మంచులో పెట్టి పంపాను. నాకు ఒక ఏడాదికి సరిపడా ఉంచుకున్నాను. ఆ తర్వాత ఇంకెవరిదో కావాలి. వార్డులో మందు మొదలుపెట్టకముందే తడి తీసి ఉంచమని సుగుణకు చెప్పాను. ఇప్పుడు అందుకు ఎవరినీ గేటు గదిలో పెట్టాల్సిన పని లేదు.

కార్తీక అమావాస్య

పోటు ఎక్కడానికి ఇంకా సమయం ఉంది. లాకులన్నీ ఒకేసారి రేడియోలోకి వచ్చి తమ తమ అంకెలు చెప్పాయి. చంద్రకళ అడుగుతుంటే ఒక్కొక్కరు చెప్పారు.

"తూర్పు లాకు. యోహాను ముప్పై ఒకటి."

"మడ అడవి లాకు. యోహాను ముప్పైలో లేచిందండీ."

"దక్షిణం లాకు. మాకు లేవలేదండీ. మళ్ళీ పెడుతున్నాం. లేచేదాకా ఎవర్నీ పంపట్లేదు."

వంతు అయ్యాక దక్షిణం లాకు అమ్మాయి నన్ను అడిగింది. గొంతు చిన్నది, నేనెప్పుడూ వినలేదు. "యోహాను అంటే ఏంటండీ? ఆ గొట్టం వచ్చిన ఊరి పేరా?"

"కాదమ్మా," అన్నాను. "మనిషి. మా ల్యాబ్‌లో ఎంజైమ్ వండేవాడు."

"ఓహో," అంది. మళ్ళీ, "ఆయన్ని అడిగి చెప్తారాండీ, మా ఎంజైమ్ ఎందుకు తేలిపోతోందో? కుండ దించేటప్పుడు ఏమన్నా తేడా చేస్తున్నామేమో," అంది.

ఆయన లేడని చెప్పడానికి నోరు తెరిచాను. ఆషాఢం నుంచీ అన్నీ చెబుతూనే ఉన్నాను, రాస్తూనే ఉన్నాను, ఒక్కసారీ ఆగలేదు. ఇప్పుడు ఆగాను. మీట వదిలేసి, బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. అవతలి నుంచి, "హలో, ఉన్నారాండీ," అని రెండుసార్లు వినిపించింది.

చెంగుతో ముఖం తుడుచుకుని మీట నొక్కాను.

"ఉన్నానమ్మా. వేడి మీద నుంచి తొందరగా దించేస్తున్నారేమో. పైన తెట్టు గట్టిపడేదాకా ఉంచాలి. పప్పుకట్టు మరీ చిక్కగా ఉండకూడదు. రాసుకుంటున్నావా?"

"రాసుకుంటున్నానండీ."

ఆయన నాకు కిటికీలోంచి చెప్పిన వరసలో మొత్తం చెప్పాను. పూర్తయ్యేసరికి పోటు ఎక్కింది. బయటి తలుపు తీశారు. నేను ముసుగు కట్టుకుని, పుల్లల పెట్టె తీసుకుని, మెట్లు దిగాను.